తేటగా ఉంటే సరిపోదు

పెరట్లో ఈతకొలను కట్టించుకోవడం డబ్బుతో అయిపోయే పని. అందులోని నీటిని ఆరోగ్యంగా ఉంచడం మాత్రం రోజువారీ చాకిరీ. ఆ చాకిరీ ఏమిటో యజమానికీ, చేసేవాడికీ ఇద్దరికీ తెలియకపోవడమే అసలు సమస్య

శుక్రవారం మధ్యాహ్నం నుంచే హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపున్న ఫామ్‌హౌస్‌లలో హడావుడి మొదలవుతుంది. వారమంతా తాళాలు వేలాడిన గేట్లు తెరుచుకుంటాయి. వాచ్‌మన్ పొడవాటి కర్రకు బిగించిన వలతో కొలనులో తేలుతున్న ఆకులను దేవుతాడు. బకెట్‌లో తెల్లటి పొడి కలిపి నీటి మీద చల్లుతాడు. శనివారం పొద్దుటికి నీళ్లు నీలంగా మెరుస్తుంటాయి. కార్లలో వచ్చిన అతిథులు, పిల్లలు అందులోకి దూకుతారు. ఆ పొడి ఏమిటి, ఎంత వేశావు అని అడిగే నాథుడు ఉండడు. నీళ్లు తేటగానే ఉన్నాయి కదా, ఇంకేం కావాలి?

కావలసింది చాలానే ఉంది. తేట వేరు, శుభ్రత వేరు. మన పల్లెల్లో బురద నీటిని తేర్చడానికి చిల్లగింజను అరగదీసి కుండలో కలిపేవారు. మట్టి అడుగుకు దిగేది, పైన నీళ్లు తేరుకునేవి. పటిక చేసేదీ అదే పని. కానీ తేరుకున్న నీటిలో కంటికి కనిపించని క్రిములు చావవు. ఈతకొలనులోనూ అంతే. ఫిల్టరు నీటిని తేటపరుస్తుంది, క్లోరిన్ క్రిములను చంపుతుంది. ఒకటి బాగా పని చేస్తున్నంత మాత్రాన రెండోది కూడా చేస్తున్నట్టు కాదు. అద్దంలా మెరిసే నీటిలో క్లోరిన్ సున్నా ఉండొచ్చు. దాన్ని కనిపెట్టడానికి కళ్లు చాలవు, పరీక్ష చేయాలి.

ఒకప్పుడు క్లబ్బులకూ, స్టార్ హోటళ్లకూ పరిమితమైన ఈ సౌకర్యం ఇప్పుడు ఇంటి పెరట్లోకి వచ్చేసింది. ఢిల్లీ ఛత్తర్‌పూర్ ఫామ్‌హౌస్‌లు, ముంబైకి అవతలి ఒడ్డున అలీబాగ్ బంగళాలు, గోవా విల్లాలు, చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు, బెంగళూరు దేవనహళ్లి... ఎక్కడ చూసినా విల్లా ప్రకటనలో ముందు కనిపించేది నీలి నీళ్ల బొమ్మే. పెద్ద హోటల్‌లో దాన్ని చూసుకోవడానికి ప్రత్యేకంగా ఒక మనిషి, రోజూ రాసే ఒక పుస్తకం ఉంటాయి. ఇంట్లో ఉండేది తోటమాలి. లేదంటే బైకు మీద వచ్చి ఒకే పూట ఆరేడు ఇళ్లు చుట్టబెట్టే కుర్రాడు. ఈతకొలనుల నీరు ఎలా ఉండాలో చెబుతూ భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 3328 అనే ప్రమాణాన్ని ఎప్పుడో రూపొందించింది. కొలను కట్టించుకున్నవారిలో ఆ పేరు విన్నవారు అరుదు.

ఎనిమిది ట్యాంకర్ల లెక్క

మొహెంజో-దారోలోని మహా స్నానవాటిక సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతు ఉంటుంది. నీరు ఇంకిపోకుండా ఇటుకల వెనుక తారు పూశారు. వాడిన నీళ్లు పోవడానికి ఒక మూలన తూము పెట్టారు. నింపడం ఎంత ముఖ్యమో వదలడమూ అంతే ముఖ్యమని నాలుగున్నర వేల ఏళ్ల కిందటివారికి తెలుసు. నేటి ఇంటి కొలను నడక ఇందుకు పూర్తిగా భిన్నం. ఒకసారి నింపిన నీళ్లనే నెలలు, ఏళ్ల తరబడి తిప్పి తిప్పి వాడుకోవాలి. ఎందుకో చిన్న లెక్క చూస్తే అర్థమవుతుంది.

8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.3 మీటర్ల లోతు. పెరటి కొలనుకు ఇది మామూలు కొలతే. అందులో పట్టేవి దాదాపు 42 వేల లీటర్లు. అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది వచ్చినా ఇంకా కాస్త వెలితిగానే ఉంటుంది. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది ప్రభుత్వ ప్రణాళికల్లో వాడే లెక్క. ఆ చొప్పున నలుగురున్న కుటుంబానికి ఈ నీళ్లు రెండున్నర నెలలు వస్తాయి. నిండిన తర్వాతైనా ఖర్చు ఆగదు. నడి వేసవిలో రోజుకు అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు దాకా ఆవిరైపోతుంది. ఈ కొలను విస్తీర్ణానికి అది 160 నుంచి 320 లీటర్లు. అంతకంటే ఎక్కువ తగ్గుతుంటే ఎక్కడో కారుతోందని అర్థం. తేల్చుకోవడానికి ఇంజనీరు అక్కర్లేదు. కొలను మెట్టు మీద నిండు బకెట్ ఒకటి ఉంచి, బకెట్‌లోనూ కొలనులోనూ నీటి మట్టం గుర్తు పెట్టి మర్నాడు పోల్చి చూస్తే చాలు. కొలనులో మట్టం బకెట్ కంటే ఎక్కువ దిగితే లీకేజీ ఉన్నట్టే.

2024 మార్చిలో తాగునీటికి కటకటలాడిన బెంగళూరులో జలమండలి ఈతకొలనులకు మంచినీటిని వాడటాన్ని నిషేధించింది. ఉల్లంఘిస్తే 5,000 రూపాయల జరిమానా అంది. ఆ వేసవిలో చాలామంది యజమానులకు తొలిసారి తెలిసి వచ్చిందేమిటంటే, ఉన్న నీటిని పాడు కాకుండా కాపాడుకోవడమే అన్నిటికంటే చవక అని. పాడైన కొలనును ఖాళీ చేసి మళ్లీ నింపడం ఆషామాషీ వ్యవహారం కాదు. దానికి మరో ప్రమాదమూ ఉంది. భూగర్భ జలం పైకి వచ్చే వానాకాలంలో కొలనును పూర్తిగా ఖాళీ చేస్తే కింది నీటి ఒత్తిడికి కాంక్రీటు తొట్టె మొత్తం పైకి లేచి పగిలిపోవచ్చు. కోనసీమ, కొచ్చి లాంటి చోట్ల ఈ విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

ఫిల్టరు సంగతి త్వరగా ముగించవచ్చు, ఎందుకంటే అందులో తికమక తక్కువ. పంపు కొలనులోని నీటినంతా ఆరు నుంచి ఎనిమిది గంటల్లో ఒక చుట్టు తిప్పాలి. 42 వేల లీటర్లకు గంటకు ఆరేడు వేల లీటర్లు లాగే పంపు సరిపోతుంది. ఇసుక ఫిల్టరు మీద ఒత్తిడి చూపే మీటరు ఉంటుంది. శుభ్రం చేసిన రోజున ఉన్న అంకె కంటే ఎనిమిది నుంచి పది పీఎస్ఐ పెరిగితే నీటిని వెనక్కి మళ్లించి ఇసుకను కడగాలి. రెండు మూడు నిమిషాలు చాలు. రోజూ కడిగితే మంచిదనుకునేవారున్నారు. అది నీళ్ల దండుగ. పైగా ఇసుకలో కొద్దిగా మురికి పట్టి ఉన్నప్పుడే సన్నటి నలుసులు బాగా ఆగుతాయి. పటిక వేసి మట్టిని అడుగుకు దించితే మాత్రం, ఆ మడ్డిని ఫిల్టరు గుండా పోనివ్వకుండా నేరుగా బయటికి లాగేయాలి. ఇక గోడలను, మెట్ల మూలలను వారానికి రెండుసార్లయినా బ్రష్‌తో రుద్దాలి. నాచు మొదలయ్యేది నీళ్లు కదలని మూలల్లోనే.

బిళ్లల మాయ

అసలు తికమకంతా క్లోరిన్ దగ్గరే. ఎంత వేశామన్నది ఒక లెక్క, వేసిన దానిలో ఎంత పని చేస్తోందన్నది మరో లెక్క. ఈ రెండో లెక్కను నిర్ణయించేది నీటి పీహెచ్. పీహెచ్ 7.5 ఉంటే నీటిలోని క్లోరిన్‌లో సుమారు సగం క్రిములను చంపే చురుకైన రూపంలో ఉంటుంది. 8కి చేరితే అది పావు వంతుకు పడిపోతుంది. 8.5 అయితే పదో వంతు కూడా మిగలదు. సిమెంటు కొలనులో పీహెచ్ దానంతటదే పైకి పాకుతుంది. బోరు నీళ్లయితే చెప్పనే అక్కర్లేదు. అంటే వాచ్‌మన్ రోజూ గుప్పెళ్లకొద్దీ పొడి చల్లుతున్నా, పీహెచ్ చూడకపోతే అందులో ఎక్కువ భాగం వృథాయే. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పే కొలత ప్రకారం పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య, ఫ్రీ క్లోరిన్ లీటరుకు కనీసం ఒక మిల్లీగ్రాము ఉండాలి. స్టెబిలైజర్ వాడే కొలనులో కనీసం రెండు ఉండాలి.

ఈ స్టెబిలైజర్ కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎండకు క్లోరిన్ నిలవదు. ఏ రక్షణా లేని నీటిలో మిట్టమధ్యాహ్నం గంట తిరిగేలోగా సగం ఎగిరిపోతుంది. దాన్ని ఆపడానికి సయన్యూరిక్ ఆమ్లం అనే పదార్థం గొడుగులా పని చేస్తుంది. మార్కెట్‌లో టీసీసీఏ 90 పేరుతో దొరికే బిళ్లల్లో క్లోరిన్‌తోపాటు ఇదీ కలిసే ఉంటుంది. ఒక బిళ్ల తేలియాడే డబ్బాలో పడేస్తే నాలుగు రోజులు చూడక్కర్లేదు. యజమానికి హాయి, పనివాడికి హాయి. కానీ క్లోరిన్ ఖర్చయిపోతుంది, సయన్యూరిక్ ఆమ్లం మాత్రం నీటిలోనే ఉండిపోతుంది. ఆవిరి కాదు, ఫిల్టరులో ఆగదు. బిళ్లల ద్వారా లీటరుకు పది మిల్లీగ్రాముల క్లోరిన్ చేరిందంటే దాని వెంట ఆరు మిల్లీగ్రాముల ఈ ఆమ్లం చేరినట్టే. రోజుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున వాడితే మూడు నెలల్లో అది నూరు దాటుతుంది. 30 నుంచి 50 మధ్య ఉన్నప్పుడు గొడుగు అయినది, నూరు దాటాక క్లోరిన్ చేతులు కట్టేసే తాడవుతుంది. పరీక్షలో క్లోరిన్ పుష్కలంగా కనిపిస్తుంది. కొలను మాత్రం పచ్చబడుతుంది. దీనికి ఇంట్లో చేసుకోదగిన విరుగుడు ఒక్కటే. సగం నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పట్టడం. మన లెక్క ప్రకారం 21 వేల లీటర్లు. బిళ్ల ఇచ్చిన హాయికి నాలుగు ట్యాంకర్ల మూల్యం!

అలాగని పాత బ్లీచింగ్ పౌడరే మేలనీ చెప్పలేం. అందులో పని చేసే క్లోరిన్ సుమారు మూడో వంతు, మిగిలిందంతా చాలావరకు సున్నమే. ఇప్పటికే కఠినమైన బోరు నీళ్లలో అది కలిస్తే టైల్స్ మీద తెల్లటి గారలా పేరుకుంటుంది. వాడాల్సి వస్తే విడిగా బకెట్‌లో కలిపి, తేరిన నీళ్లే కొలనులో పోయాలి. 65 శాతం పైబడిన కాల్షియం హైపోక్లోరైట్ గుళికలు కొంత నయం. ఉప్పు యంత్రం పెట్టించుకున్నవారు తమది క్లోరిన్ లేని కొలను అని గొప్పగా చెబుతుంటారు. అది పొరపాటు. ఆ యంత్రం చేసేదే ఉప్పు నుంచి క్లోరిన్ తయారు చేయడం. మన కొలనుకు 130 నుంచి 170 కిలోల ఉప్పు పోస్తే గానీ అది పని మొదలుపెట్టదు. నాచుకు మైలుతుత్తం వేసే అలవాటు కూడా ఉంది. తోటలకు బోర్డో మిశ్రమం కొట్టే చేయి కొలను మీదా అదే ప్రయోగిస్తుంది. నాచు చస్తుంది నిజమే, కానీ రాగి గోడల మీద మరకలు కడుతుంది. ఈత కొట్టేవారి నెరిసిన జుట్టు పచ్చగా మారడానికి నింద పడేది క్లోరిన్ మీద, అసలు కారణం ఈ రాగే.

వాసన చెప్పే నిజం

కొలను దగ్గరికి రాగానే ఘాటైన వాసన కొడితే క్లోరిన్ బాగా వేశారని చాలామంది సంతోషిస్తారు. నిజం దీనికి తిరగబడి ఉంటుంది. ఆ వాసన క్లోరిన్‌ది కాదు. చెమట, మూత్రం వంటి వాటితో కలిసి క్లోరిన్ మారిపోయిన రూపం, క్లోరమీన్లది. కళ్లు మండేదీ వాటి వల్లే. ఘాటు వాసన అంటే క్లోరిన్ ఎక్కువైందని కాదు, అది మురికితో పోరాడి అలసిపోయిందని. మన ఇళ్లలో దీనికి మరో సరుకు కూడా తోడవుతుంది. తలకు పట్టించిన కొబ్బరి నూనె. ఆదివారం తలంటుకు ముందు పిల్లలను కొలనులో వదిలే తల్లులకు ఈ మాట రుచించకపోవచ్చు గానీ, దిగే ముందు ఒక్క నిమిషం షవర్ కింద నిలబడితే క్లోరిన్ ఖర్చు ఎంతో తగ్గుతుంది.

పరీక్ష కిట్‌లోనూ ఇదే తేడా దాగి ఉంది. చుక్క వేస్తే పసుపు రంగుకు తిరిగే చవక కిట్ మొత్తం క్లోరిన్‌ను చూపుతుంది, అలసిపోయినదానితో సహా. గులాబీ రంగుకు తిరిగే డీపీడీ కిట్ పని చేసే క్లోరిన్‌ను విడిగా చూపుతుంది. కొంటే రెండోదే కొనాలి. లక్షలు పోసి కట్టిన కొలను పక్కన ఈ కిట్ లేకపోవడం మన ఇళ్లలో మామూలు దృశ్యం.

క్లోరిన్ తగినంత ఉంటే ఎంత పని చేస్తుందో సీడీసీ లెక్కలు చెబుతాయి. లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉన్న నీటిలో ప్రమాదకర ఈ కొలై ఒక్క నిమిషంలోపే చస్తుంది. హెపటైటిస్-ఎ వైరస్‌కు 16 నిమిషాలు, జియార్డియాకు 45 నిమిషాలు పడుతుంది. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మాత్రం పది రోజులు దాటినా బతికే ఉంటుంది. అందుకే విరేచనాలు అవుతున్న పిల్లవాడిని నీటిలోకి దించకూడదు. ఎంత క్లోరిన్ ఉన్నా సరే.

క్లోరిన్ లేకపోతే ఏమవుతుందన్నదానికి కేరళ అనుభవం ఉంది. వెచ్చటి నీటిలో పెరిగే నేగ్లీరియా అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరి ప్రాణం తీస్తుంది. తాగితే సోకదు, ముక్కులోకి పోతేనే ప్రమాదం. 2024లో అక్కడ మెదడువాపు తెచ్చే అమీబాల బారిన పడి కొందరు పిల్లలు మరణించారు. చెరువులు, కుంటల మీదే ఎక్కువగా అనుమానం పోయినా, ఒక బాలిక అంతకుముందు విహారయాత్రలో ఈతకొలనులో దిగినట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. 2025లో కేసులు మరింత పెరగడంతో రాష్ట్ర ప్రభుత్వం బావులు, ట్యాంకుల్లో క్లోరిన్ వేయించే కార్యక్రమం చేపట్టింది. సరైన మోతాదులో క్లోరిన్ ఉన్న కొలనులో నేగ్లీరియా నిలవదు. వారమంతా వదిలేసి శుక్రవారం సాయంత్రం గుప్పెడు పొడి చల్లిన కొలను గురించి ఆ భరోసా ఇవ్వలేం.

మెట్ల కింద గది

ఇంత రసాయన శాస్త్రాన్ని మనం అప్పగించింది ఎవరికి? ఎనిమిదో తరగతి దాకా చదివి, పక్కింటి పనివాడిని చూసి నేర్చుకున్న కుర్రాడికి. అతని చేతులకు గ్లవ్స్ ఉండవు. కళ్లకు అద్దాలు ఉండవు. పంపు ఉన్న మెట్ల కింద గదిలోనే క్లోరిన్ డ్రమ్ము, పక్కనే యాసిడ్ క్యాను, దాని పక్కన గడ్డి కోసే మిషన్‌కు పోసే పెట్రోలు. ఈ మూడూ ఒకే చోట ఉండటమే ప్రమాదం. క్లోరిన్ పొడికి యాసిడ్ తగిలితే విషవాయువు వెలువడుతుంది. టీసీసీఏ తీసిన గరిటెనే కడగకుండా కాల్షియం హైపోక్లోరైట్ డబ్బాలో పెడితే మంటలు రేగవచ్చు, పేలిపోవచ్చు. రెండూ క్లోరినే కదా అనుకుంటాడతను. అలా కాదని ఎవరూ చెప్పలేదు. యాసిడ్‌ను ఎప్పుడూ నీటిలో పోయాలి తప్ప యాసిడ్‌లో నీళ్లు పోయకూడదన్న మాటా అంతే.

ఈ పదార్థాలతో చెలగాటం ఎంత ప్రమాదకరమో అమెరికా రెండుసార్లు చూసింది. 2020 ఆగస్టులో లూసియానాలోనూ, 2024 సెప్టెంబరులో అట్లాంటా నగరానికి దగ్గరలోని కోన్యర్స్‌లోనూ బయోల్యాబ్ సంస్థ ప్రాంగణాల్లో నిల్వ ఉన్న టీసీసీఏ నీటికి తడిసి రగులుకుంది. కోన్యర్స్‌లో దాదాపు 17 వేల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. కొలనులో కరిగి పని చేయాల్సిన పదార్థమే, డ్రమ్ములో కొద్దిగా తడిస్తే వేడెక్కి పొగలు కక్కుతుంది. మన మెట్ల కింద గదిలో వాన నీరు కారకుండా చూసుకోవడం అందుకే ముఖ్యం.

కరెంటు ప్రమాదం వేరు. 2023 డిసెంబరులో బెంగళూరు వర్తూరు ప్రాంతంలోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయం ఈతకొలనులో తొమ్మిదేళ్ల బాలిక మరణించింది. మునిగిపోయిందని మొదట అనుకున్నారు. విద్యుదాఘాతమే కారణమని తర్వాత తేలింది. నీటిలోని దీపాలు 12 వోల్టులకు మించకూడదు. పంపు, దీపాల లైనుకు 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోయే ఈఎల్‌సీబీ ఉండాలి. నెలకోసారి దాని పరీక్ష మీట నొక్కి చూడటం కొలను శుభ్రత పనుల్లో ఒకటిగా రాసుకోవాలి. ఆ పని చేసే ఇళ్లు ఎన్ని?

పసిపిల్లలున్న ఇంట్లో చుట్టూ కంచె, దానంతటదే మూసుకునే గేటు తప్పనిసరి. ఫ్రాన్స్ 2003లోనే చట్టం చేసి ఇళ్లలోని కొలనులకు కంచె, అలారం, మూత, కప్పు లాంటి ఏర్పాట్లలో ఏదో ఒకటి ఉండి తీరాలంది. నీటి తేటకూ ప్రాణరక్షణకూ సంబంధం ఉన్నది ఇక్కడే. గట్టు మీద నిలబడి చూస్తే అడుగున ఉన్న డ్రెయిన్ జాలీ స్పష్టంగా కనిపించాలి. కనిపించని రోజున ఎవరినీ దిగనివ్వకూడదు. మసక నీటిలో అడుగుకు చేరిన పిల్లవాడు పక్కనే నిలబడ్డవారికి కూడా కనిపించడు. ఆ జాలీ విరిగి ఉన్నా దిగకూడదు. పంపు లాగే ఒత్తిడికి జుట్టో, చెయ్యో అందులో ఇరుక్కుంటే పెద్దవాళ్లు లాగినా రాదు.

తాళం వేసి వెళ్లాక

మరో బాపతు కొలనులు ఉన్నాయి, వాటి బాధ ఇరుగుపొరుగుది. పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి వద్దామని అమెరికా వెళ్లే తల్లిదండ్రులు మన విల్లా కాలనీల్లో ఇంటికొకరు. వెళ్లేముందు గ్యాస్ కట్టేస్తారు, పాలు, పేపర్లు ఆపేస్తారు. కరెంటు మెయిన్ కూడా తీసేస్తారు. దాంతో పంపూ ఆగిపోతుంది. వేసవిలో వారం తిరిగేలోపే నీళ్లు పచ్చబడతాయి, ఆ తర్వాత దోమలు గుడ్లు పెడతాయి. కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీలో 2007లో అప్పులు కట్టలేక ఇళ్లు వదిలి వెళ్లినవారి కొలనులు ఇలాగే దోమల తొట్లయ్యాయి. ఆ వేసవిలో అక్కడ వెస్ట్ నైల్ జ్వరం కేసులు 276 శాతం పెరిగాయి. మన నగరాల్లో మలేరియా మోసే అనాఫిలిస్ స్టెఫెన్సీ దోమకూ నిలవ నీళ్లంటేనే ఇష్టం. గేటుకు తాళం ఉంటే మునిసిపల్ సిబ్బంది మందు చల్లడానికి లోపలికి రాలేరు.

ఊరెళ్లేవారు పంపు లైను ఒక్కటైనా ఉంచి, రోజుకు కొన్ని గంటలు దానంతటదే నడిచేలా టైమర్ పెట్టి, వారానికోసారి వచ్చి క్లోరిన్ చూసేందుకు తెలిసిన మనిషికి తాళం చెవి ఇవ్వాలి. అది కుదరదంటే క్లోరిన్ వేయడం ముందుగానే ఆపి, అది పూర్తిగా పోయిందని కిట్‌తో చూసుకున్నాక గంబూసియా చేపలను వదలడం రెండో మార్గం. దోమ పిల్లలను అవి తిని పెడతాయి. తిరిగొచ్చాక మాత్రం మొదటి గుప్పెడు క్లోరిన్ వేసేముందే వాటిని వలతో పట్టి తీసేయాలి. జాలిపడి పక్కనున్న చెరువులోకి వదలకూడదు. అక్కడి నాటు చేపల గుడ్లను, పిల్లలను కూడా అవి మిగల్చవు.